ఆ ఐదేళ్ల అనుభవం ఎక్కడ దొరుకుతుందో సెలవివ్వండి: కేంద్ర గనుల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారములు. గని ప్రణాళికలు తయారుచేసే అర్హతకు కావలసిన అనుభవం గురించి మేము పంపిన వినతిపత్రానికి అందినట్లు రసీదు తప్ప మరో మాట రానందువల్ల, జియాలజీ (భూగర్భ శాస్త్రం) అధ్యాపకుడిగా ఈ లేఖను నలుగురి ముందూ పెడుతున్నాను.

గనిని ఎలా తవ్వాలో చెప్పే మైనింగ్ ప్లాన్ తయారుచేసేవారికి మైనింగ్ ఇంజినీరింగ్ డిగ్రీ గాని, జియాలజీలో పీజీ గాని ఉండి, ఆపైన గనుల రంగంలో పర్యవేక్షక హోదాలో ఐదేళ్లు పనిచేసి ఉండాలని 2016 నాటి ఖనిజ రాయితీ నియమాలు చెబుతున్నాయి. నియమం మంచిదే. గని ప్రణాళికను అనుభవం లేనివారి చేతిలో పెట్టమని మేమెవరమూ అడగడం లేదు. కానీ ఎమ్మెస్సీ పూర్తిచేసిన మా విద్యార్థి గరివిడి మాంగనీసు గనుల్లోనో, జగ్గయ్యపేట సున్నపురాయి క్వారీల్లోనో పని వెతుక్కుంటే, అతనికి దొరికేది సాధారణంగా కాంట్రాక్టరు కింద ట్రెయినీ కొలువు. డ్రిల్లింగ్ జరిగేచోట ఎండలో నిలబడి కోర్ లాగింగ్ (పైకి తీసిన రాతి కడ్డీల వివరాలు నమోదు) చేసేది అతనే, నమూనాలకు నంబర్లు వేసేది అతనే, కూలీలకు పని పురమాయించేదీ అతనే. అయినా నియామక పత్రంలో హోదా మాత్రం ‘ఫీల్డ్ అసిస్టెంట్’. ఏళ్ల తరువాత అనుభవ పత్రం అడిగితే, పర్యవేక్షణ చేశాడని రాసివ్వడానికి యాజమాన్యం వెనకాడుతుంది. కాంట్రాక్టరు మారితే పాత సంవత్సరాలకు సాక్ష్యం చెప్పేవారే ఉండరు. ఖనిజాన్వేషణలో గడిపిన కాలాన్ని గనుల రంగంలోని అనుభవంగా లెక్కిస్తారా లేదా అని విద్యార్థులు నన్ను అడుగుతారు. మీ శాఖనే అడగమంటాను, అంతకుమించి నా దగ్గర జవాబు లేదు.

పాత పద్ధతిలో మైనింగ్ ప్లాన్ తయారీకి ‘గుర్తింపు పొందిన అర్హుడు’ అనే ధ్రువపత్రమైనా చేతికి వచ్చేది. దాన్ని తీసేసి ఎంతో సరళం చేశామన్నారు. ఇప్పుడు మా విద్యార్థులు తమకు అర్హత ఉందో లేదో ముందుగా తెలుసుకునే దారి కూడా లేకుండా అంత సరళమైంది!

అమెరికాలో చాలా రాష్ట్రాల బోర్డులు భూగర్భ శాస్త్రవేత్తలకు లైసెన్సు ఇస్తాయి. చదువు ముగిసే దశలో మౌలిక పరీక్ష, కొన్నేళ్ల పని, ఆ తరువాత వృత్తి పరీక్ష. అక్కడికి వెళ్లిన మన పిల్లలు ఆ వరుసను మొదటి సెమిస్టర్‌లోనే తెలుసుకుంటున్నారు. ఇక్కడ న్యాయవాది వృత్తికి 1961 నాటి చట్టం, వాస్తుశిల్పి వృత్తికి 1972 నాటి చట్టం ఉన్నాయి. జియాలజిస్టుకు అలాంటి చట్టం లేకపోగా, ప్రభుత్వ కొలువులకు పెట్టే యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష తప్పితే ముందేముందో చెప్పే కాగితం కూడా లేదు.

కొత్త చట్టం సంగతి తమ తీరికకు వదిలేస్తాను. ఏ పని అనుభవంగా చెల్లుతుందో, ఆ పత్రంలో ఏమేమి ఉండాలో, దానిపై ఎవరు సంతకం చేయాలో వివరించే చిన్న పుస్తకాన్ని ఈ విద్యా సంవత్సరంలోనే జియాలజీ విభాగాలన్నింటికీ తెలుగుతో సహా పంపించండి. అంతకంటే ముందు, దయచేసి, మా వినతిపత్రానికి జవాబివ్వండి.

ఇట్లు,
ఒక జియాలజీ అధ్యాపకుడు