కొండవీటి మెట్ల దారిలో కలిసిన బాబాయ్ గారికి

బాబాయ్ గారూ, మీ పేరు కూడా తెలియదు. అయినా ఈ నాలుగు మాటలూ మీకు చేరాలి.

ఉత్తరాఖండ్ హిమాలయాల్లోని కేదార్‌కంఠ శిఖరం ట్రెక్‌కి ప్రాక్టీసని గుంటూరు నుంచి పొద్దున్నే కొండవీడు వచ్చి, బరువులతో మెట్లెక్కుతున్నాం. మీరు ఆగి మా చెల్లి బ్యాగు నడుం బెల్టు బిగించి, "బరువు నడుం మీద పడాలమ్మా, భుజాల మీద కాదు" అన్నారు. కాటన్ తడిస్తే చలిలో ఆరదనీ, దిగేటప్పుడు వేళ్లు బూటుకు కొట్టుకుంటాయి కాబట్టి గోళ్లు కత్తిరించుకోమనీ చెప్పారు. అన్నీ పనికొచ్చాయి.

కానీ నేను మరిచిపోలేనిది ఇంకొకటి. 8,000 అడుగుల ఎత్తు దాటాక తలనొప్పితో పాటు వాంతులైతే ఇక పైకి ఎక్కించొద్దు, తగ్గకపోతే కిందికి దింపేయండి, పడుకుంటే పోతుందిలే అనుకోవద్దు అని గట్టిగా చెప్పారు. జూడా కా తాలాబ్ క్యాంపులో మాలో ఒకమ్మాయికి సరిగ్గా అదే జరిగింది. పాపం, మా అందరి కోసం ఓర్చుకుని "అలసటే" అంటోంది. మీ మాట గుర్తొచ్చి వెంటనే గైడ్‌కి చెప్పాం. ఆయన చీకటి పడకముందే తనని కొండ కింది సాంక్రీ ఊరికి దింపారు. కిందికి వచ్చేసరికి తల తేలికపడి అన్నం తింది.

మిగతావాళ్లం 12,500 అడుగుల శిఖరం ఎక్కాం, స్వర్గారోహిణి పర్వతాన్ని చూశాం. అంత టెన్షన్‌లోనూ ఏం చేయాలో మాకు తెలిసిందంటే అది మీ వల్లే.

ఆ అమ్మాయి వాళ్లమ్మగారు మిమ్మల్ని బ్రాడీపేటలో వాళ్లింటికి భోజనానికి పిలుస్తున్నారు. పిన్నిగారిని కూడా తీసుకుని తప్పకుండా రావాలి.