గ్లైడర్లలో స్టాల్ హెచ్చరిక గురించి

సభ్యులందరికీ నమస్కారం. చాలా గ్లైడర్లలో (ఇంజన్ లేకుండా ఎగిరే విమానాల్లో) స్టాల్‌ను (రెక్కలు పైకి లేపే బలాన్ని ఒక్కసారిగా కోల్పోవడాన్ని) ముందుగా తెలిపే పరికరం ఉండదు కాబట్టి, గాలి చప్పుడు తగ్గడం, స్టిక్‌కు (గ్లైడర్‌ను నడిపే కర్రకు) స్పందన మందగించడం, రెక్కల మీద చెదిరిన గాలికి గ్లైడర్ సన్నగా వణకడం వంటి గుర్తులనే పైలట్ హెచ్చరికగా తీసుకోవాలి. స్టాల్‌కు అసలు కారణం వేగం కాదు, గాలి రెక్కను తాకే కోణం హద్దు మీరడం. సూటిగా ఎగురుతూ గంటకు 70 కిలోమీటర్ల వద్ద స్టాల్ అయ్యే గ్లైడర్, 60 డిగ్రీల వాలుతో నిలకడగా తిరిగే మలుపులో దాదాపు 99 కిలోమీటర్ల వద్దే స్టాల్ అవుతుంది. వాన తడి, రెక్క అంచుకు అంటుకున్న పురుగులు ఆ అంకెను ఇంకా పెంచవచ్చు. నన్ను అన్నిటికన్నా ఆందోళనపరిచేది దిగే ముందు చివరి మలుపు. అక్కడ రడ్డర్‌ను (గ్లైడర్ ముక్కును పక్కకు తిప్పే తోక చుక్కాని పెడల్‌ను) ఎక్కువగా తొక్కి స్టాల్ చేస్తే గ్లైడర్ స్పిన్‌లోకి (గిరగిరా తిరుగుతూ కిందికి పడడంలోకి) జారుతుంది, కోలుకునేంత ఎత్తు మిగలదు. అందుచేత దిగే వేగాన్ని ముందే నిర్ణయించుకుని, మలుపు పొడవునా కానపీ (పైలట్‌పై ఉండే పారదర్శక కప్పు) మీద గాలి దిశను చూపే ఊలు దారం తిన్నగా ఉండేలా చూసుకోవలసిందిగా మనవి.