పీజీ చదివే అమ్మాయికి ఒక పెద్దదిక్కు కావాలి

సంపాదకులు గారికి,

మా కావలిలో ఆడపిల్లకు మెడికల్ సీటు వస్తే వీధి మలుపులో ఫ్లెక్సీ కడతారు. అదే పిల్ల పదేళ్ల తర్వాత ఎక్కడ పనిచేస్తోందో, అసలు చేస్తోందో లేదో అడిగేవారు కనిపించరు. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పులు చేసి పదవీ విరమణ పొందిన నన్ను ఈ బాధ చాలాకాలంగా వెంటాడుతోంది.

లెక్క చూడండి. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, హౌస్‌సర్జన్‌గా ఏడాది, నీట్ పీజీ ప్రవేశపరీక్షకు చదివిన సమయం, ఆపై పీజీ మూడేళ్లు. చేతికి పట్టా వచ్చేసరికి ఇరవై ఎనిమిది దాటుతుంది. పెళ్లి, తొలి కాన్పు సరిగ్గా ఆ మూడేళ్ల మీదే వచ్చి పడతాయి. ప్రసూతి సెలవు నిబంధనల్లో ఉంది. కానీ తగ్గిన హాజరు పూర్తి చేయాలి, దాంతో తోటివారితో కలిసి పరీక్ష రాయలేని పరిస్థితి వస్తుంది. 'సీటు వృథా చేసింది' అనే మాట నేను స్వయంగా విన్నాను. అన్నవాళ్లలో ఆడ డాక్టర్లూ ఉన్నారు, అదే ఎక్కువ నొప్పించింది.

నా అదృష్టం వేరు. బిడ్డ పుట్టి సెలవు ముగిశాక ఆపరేషన్ థియేటర్‌లో కత్తి పట్టుకుంటే చేయి వణికింది. అప్పటి మా మేడమ్ ఒక్క మాటా అనలేదు. రెండు వారాలు నన్ను పక్కనే అసిస్టెంటుగా నిలబెట్టుకున్నారు. మూడో వారం ఒక సిజేరియన్‌కు నన్ను ముందుకు పంపి, "నువ్వు చెయ్యమ్మా, నేనిక్కడే ఉన్నాను" అన్నారు. గర్భసంచి కుట్టి ముగించేదాకా ఆవిడ చేయి మధ్యలోకి రాలేదు. బిడ్డకు పాలివ్వడానికి నేను ఇంటికి వెళ్లి వచ్చేవరకు లేబర్ రూములో నా బదులు ఆవిడే కూర్చునేవారు. ఆ తోడు లేకపోతే నేను ఆ ఏడాదే మానుకునేదాన్ని.

ఉదయగిరి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి నాకు తెలుసు. పీజీలో సర్జరీ సీటు వచ్చే ర్యాంకు తెచ్చుకుంది. 'ఆడవాళ్లకు సర్జరీ కుదరదు' అని చుట్టూ ఉన్నవాళ్లందరూ చెబితే వదిలేసుకుంది. కుదురుతుందని చెప్పగల లేడీ సర్జన్ ఒక్కరూ ఆమెకు ఎదురుపడలేదు.

2019 నుంచి ఎంబీబీఎస్‌లో చేరగానే ఫౌండేషన్ కోర్సు పెడుతున్నారు, కొత్త పిల్లలకు మెంటర్లనూ ఇస్తున్నారు. మంచిదే. అసలు అవసరం పీజీలో ఉంది. నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాల, ఒంగోలు ప్రభుత్వ వైద్య కళాశాల దీనికి పూనుకోవాలని కోరుతున్నాను. పీజీలో చేరిన ప్రతి అమ్మాయికీ ఒక సీనియర్ వైద్యురాలిని కేటాయించి, ప్రసూతి సెలవు నుంచి తిరిగి వచ్చి థియేటర్‌లో కుదురుకునేదాకా ఆ బంధం కొనసాగించాలి. ఆ సీనియర్ మాత్రం థీసిస్ గైడ్ కాకూడదు, అదే విభాగంలో మార్కులు వేసే మనిషి అసలే కాకూడదు. సంతకం పెట్టే చేతికి ఎవరూ కష్టం చెప్పుకోరు.

రెసిడెంట్లకు, అంటే పీజీ చదువుతూ ఆసుపత్రిలో పనిచేసే డాక్టర్లకు, వారానికి 74 గంటలకు మించి పని ఉండరాదని, ఒక రోజు సెలవు ఇవ్వాలని జాతీయ వైద్య కమిషన్ కార్యదళం 2024లో సిఫారసు చేసింది. ఆ ప్రకారం డ్యూటీ పట్టిక వేసి విభాగం తలుపు మీద అంటించాలి. లేబర్ రూము పక్కన లోపలి నుంచి గడియ పడే విశ్రాంతి గది కావాలి. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న పీజీ వైద్యురాలిపై అత్యాచారం చేసి చంపిన ఘోరం తర్వాత కూడా దీన్ని అడగవలసి రావడం నాకు కోపం తెప్పిస్తోంది.

మనుషులు దొరకరని అనవద్దు. నెల్లూరులో, కావలిలో, ఒంగోలులో నాలాగా పదవీ విరమణ పొందిన వైద్యురాళ్లు ఉన్నారు. జీతం అడగం. కళాశాలలో ఒక గది ఇచ్చి, వారానికి రెండు సాయంత్రాలు కేటాయిస్తే చాలు. నేను బస్సెక్కి వస్తాను.

— ఒక విశ్రాంత ప్రభుత్వ వైద్యురాలు, కావలి, నెల్లూరు జిల్లా