పెట్రోలు ట్యాంకుకి ఇంట్లో అతుకు వద్దు

సంపాదకుడు గారికి,

ఆరేడు వేలు పెడితే చాలు, భుజాన తగిలించుకునేంత ఇన్వర్టర్ వెల్డింగ్ మెషీను ఇంటికొచ్చేస్తోంది. సముద్రపు గాలికి మన విశాఖలో బండి ఇనుముని ఏటా ఏదో ఒకచోట తుప్పు తింటూనే ఉంటుంది. సైలెన్సర్ బ్రాకెట్టు ఊడుతుంది, సైడ్ స్టాండు మొదలు పలచబడుతుంది, ఆటో ఫ్లోరు రేకు చిల్లులు పడుతుంది. దీనికోసం గాజువాక ఆటోనగర్ దాకా ఎందుకు, మనమే అతికేసుకుందాం అనుకునేవాళ్లు పెరిగారు. అనుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ఏది అతకొచ్చు, ఏది ముట్టుకోకూడదు అన్న లెక్క మెషీనుతో పాటు డబ్బాలో రాదు.

సైడ్ స్టాండు, క్యారియర్, లెగ్ గార్డు, సైలెన్సర్ బ్రాకెట్టు, నంబరు ప్లేటు ఫ్రేము ఇంట్లో చేసుకోదగ్గవి. ముందు ఫోర్కు, స్టీరింగ్ రాడ్లు, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్, యాక్సిల్, బ్రేకు పెడల్, అల్లాయ్ చక్రం మాత్రం వద్దు. సామాన్ల ఆటోల కమాన్ కట్టలు అసలే వద్దు. కమాన్ పట్టీ స్ప్రింగ్ స్టీలు, అందులో కార్బన్ ఎక్కువ. కరిగిన చోటు పక్కన ఉన్న లోహం ఒక్కసారిగా వేడెక్కి ఒక్కసారిగా చల్లారేసరికి గాజులా పెళుసెక్కుతుంది. పైన అతుకు చక్కగా కనిపిస్తుంది, లోడు పడ్డ రోజున పట్టీ ఆ అతుకు పక్కనే విరుగుతుంది. పట్టీని అతక్కపోయినా, దాని పక్కన పనిచేస్తూ వెల్డింగ్ రాడ్డు ఒకసారి దానికి తగిలించినా చాలు, బీట ఆ మచ్చ దగ్గరే మొదలవుతుంది. అందుకే చాసిస్ పని చేసేటప్పుడు పట్టీల మీద తడి గోనె సంచో పాత రేకో కప్పి ఉంచుతారు.

పెట్రోలు ట్యాంకు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 'ట్యాంకు ఖాళీ చేశాం, ఎండలో ఆరబెట్టాం, ఇంకేం భయం' అనే మాట ఎక్కువగా వినపడుతుంది. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకే ప్రమాదం. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం దాకా ఉంటే, నిప్పు తగలగానే అది పేలుతుంది. 12 లీటర్ల బైకు ట్యాంకు ఆ స్థితికి రావడానికి అర టీస్పూను పెట్రోలు కూడా అక్కర్లేదు. ఆ మాత్రం పెట్రోలు ట్యాంకు మడతల్లోనో లోపలి తుప్పు పొరలోనో ఎన్నిసార్లు కడిగినా దాక్కునే ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు వాసన కూడా రాకపోవచ్చు. రాడ్డు వేడి తగలగానే ఆవిరై బయటికొస్తుంది, నిప్పు పక్కనే సిద్ధంగా ఉంటుంది. నీళ్లు నింపి చేస్తే సరిపోతుందంటారు గానీ, అతికే చోటు పైకి రావాలంటే ట్యాంకుని ఓ పక్కకి వంచాలి, ఎక్కడో ఒకచోట గాలి ఖాళీ మిగిలిపోతుంది. పైగా ట్యాంకుకి చిల్లు పడిందంటే తుప్పు లోపలి నుంచి తినేసిందన్నమాట. ఒక చిల్లు మూస్తుంటే పక్కన పలచబడ్డ రేకు కరిగి రెండోది పడుతుంది. సూది బెజ్జమంత చిల్లయితే ట్యాంకులకి వాడే రెండు ట్యూబుల ఎపాక్సీ పుట్టీ పెట్టి కొన్నాళ్లు నడపొచ్చు. అంతకు మించితే ట్యాంకు మార్చడమే, లేదా ఆవిరి పట్టి శుభ్రం చేసి అతికే అలవాటున్న షాపుకి ఇవ్వడం. సీఎన్‌జీ, ఎల్పీజీ ఆటోల సిలిండర్లు, వాటి పైపులు, వాటికి దగ్గరున్న ఫ్రేము వీటిలో దేన్నీ ఇంట్లో తాకకూడదు. సీఎన్‌జీ సిలిండర్లో 200 బార్ల ఒత్తిడి ఉంటుంది.

షాకబ్జార్బర్ కూడా అంతే. లోపల నూనె, కొన్నిట్లో గ్యాసు ఉంటాయి, వేడికి పేలుతుంది. రిమ్ము వెల్డింగుకి ముందు టైరు పూర్తిగా ఊడదీయాలి, గాలి తీసేస్తే సరిపోదు. వేడికి రబ్బరు నుంచి మండే వాయువులు పుట్టి టైరు లోపలే అంటుకుంటాయి.

ఎర్త్ క్లాంపు, అంటే కరెంటు మెషీనుకి తిరిగి వెళ్లే తీగ కొసనున్న పట్టుకారు, ఎక్కడ పెట్టాలన్నది చాలామంది పట్టించుకోని విషయం. అందినచోట తగిలించేస్తారు. కరెంటు రాడ్డు నుంచి క్లాంపుకి దగ్గర దారి వెతుక్కుంటూ పోతుంది. అతుకు చక్రం వైపు, క్లాంపు ఫ్రేము మీద ఉంటే ఆ దారి వీల్ బేరింగు గుండా పోతుంది. బేరింగు గుండ్లకీ, అవి దొర్లే రింగుకీ (రేసు) మధ్య సన్నని నిప్పురవ్వలు లేచి, కంటికి కనపడని గుంటలు పడతాయి. కొన్నాళ్లకి చక్రం గరగరమంటుంది, వెల్డింగు వల్లనే అని ఎవరికీ తట్టదు. క్లాంపు అతుకుకి జానెడు దూరంలో, అదే ముక్క మీద, పెయింటు గీకి మెరిసే ఇనుము మీద పెట్టాలి. అంతకు ముందే ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీగ ముందు, పాజిటివ్ తర్వాత ఊడదీయాలి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 (కొత్త పొగ నిబంధనల) బళ్లలో ఈసీయూ, అంటే ఇంజనుని నడిపే చిన్న కంప్యూటరు, కప్లర్ కూడా తీసేయడం మంచిది, అది పోతే వెల్డింగుకి ఆదా చేసిన దానికి ఎన్నో రెట్లు వదులుతాయి. కుదిరితే భాగాన్ని బండి నుంచి విప్పేసి చేయండి, ఈ తంటాలే ఉండవు. ఎలక్ట్రిక్ స్కూటర్ జోలికి పోకండి.

ఇక అతుకు. 2, 3 మిల్లీమీటర్ల మందం గొట్టానికి, మామూలు ఇనుప పట్టీకి 2.5 మి.మీ. లావు, 6013 రకం రాడ్డు, 60 నుంచి 90 ఆంపియర్లు. మిల్లీమీటరు లోపు రేకుకి ఈ రాడ్డు కష్టం, బొక్కలు పడిపోతాయి. ఒకేసారి లాగకుండా చుక్క చుక్కగా పెడుతూ, మధ్యలో చల్లారనివ్వాలి. అంచుకి అటూ ఇటూ అంగుళం మేర తుప్పు, పెయింటు, గ్రీజు పోయి తెల్ల ఇనుము కనపడాలి. మందం 3 మిల్లీమీటర్లు దాటితే అంచులు వాలుగా గ్రైండ్ చేయాలి. కొత్తవాళ్ల తప్పు దాదాపు ఒకటే: కరెంటు తక్కువ, రాడ్డు దూరం. లోహం లోపలికి దిగదు, పైన ముద్దలా కూర్చుంటుంది. పైన కట్టిన స్లాగ్ పెంకు కొట్టి చూస్తే బాగానే ఉన్నట్టుంటుంది, సుత్తితో తడితే ఊడొస్తుంది. అందుకే బండిని ముట్టుకునే ముందు అదే మందం ఉన్న తుక్కు ముక్కలు రెండు అతికి, వైసులో బిగించి, వంగేదాకా కొట్టి చూడాలి. ఇనుము వంగి అతుకు నిలిస్తే అప్పుడు బండి దగ్గరికి వెళ్లొచ్చు. 7018 రకం రాడ్డు గట్టిదని కొనుక్కొస్తున్నారు. మన తేమలో ప్యాకెట్టు విప్పి నాలుగైదు గంటలు వదిలేస్తే అది నీరు పీల్చేస్తుంది. మళ్లీ 350 డిగ్రీల దగ్గర గంటకు పైగా కాల్చాలి, లేకపోతే ఆ తేమలోని హైడ్రోజన్ అతుకులో చేరి తర్వాతెప్పుడో బీట తెస్తుంది. ఇంట్లో అంత వేడి పొయ్యి ఎవరికుంటుంది? 6013 చాలు.

80 ఆంపియర్లతో పనిచేస్తున్నప్పుడు మెషీను గోడ నుంచి 15 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఫ్రిజ్జు వెనక వాడే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి తగిలిస్తే వైరు కరుగుతుంది. 16 ఆంపియర్ల సాకెట్టు, సరైన ఎర్తింగు, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి ఉండాలి. రాడ్డు కొసలో 60, 70 వోల్టులేగా అని తేలిగ్గా తీసుకుంటారు. మే నెల చెమటకి తడిసిన గ్లవ్స్‌తో, హవాయి చెప్పులతో, కడిగిన సిమెంటు నేల మీద నిలబడితే ఆ వోల్టులే చంపగలవు.

జింకు పూసిన గొట్టం వేడెక్కితే తెల్ల పొగ వస్తుంది. పీల్చిన కొన్ని గంటలకి చలి జ్వరం పట్టుకుంటుంది. పాలు తాగితేనో బెల్లం తింటేనో విరిగిపోతుందన్నది నమ్మకమే. పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి, పొట్టలోకి కాదు. పూత గ్రైండ్ చేసి, ఆరుబయట, గాలి పక్క నుంచి వీచేలా నిలబడి చేయాలి. క్లోరిన్ ఉన్న బ్రేకు క్లీనర్ స్ప్రేతో తుడిచి తడారకుండా రాడ్డు పెట్టడం ఇంకా ప్రమాదం, అందులోంచి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టడమే మేలు.

కన్ను సంగతి: కూలింగ్ గ్లాసు వెల్డింగు అద్దానికి బదులు కాదు. 10 లేదా 11 నంబరు నల్లద్దం కావాలి. వెలుగు తగిలినప్పుడు ఏమీ తెలియదు. ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత, సాధారణంగా అర్ధరాత్రి, కళ్లు తెరవలేనంత మంట. చంటిబిడ్డ తల్లి పాలు, ఆముదం, బంగాళదుంప ముక్కలు పెట్టకుండా కంటి డాక్టరుకి చూపించాలి. చూడటానికి మూగే పిల్లలకి మాస్కు ఉండదు కాబట్టి చుట్టూ దుప్పటి కాదు, మండని తెర కట్టాలి. అపార్ట్‌మెంటు సెల్లార్లో వరుసగా నిలిపిన బళ్ల మధ్య ఈ పని వద్దే వద్దు. రవ్వలు పది మీటర్ల దాకా ఎగురుతాయి. పని అయ్యాక కనీసం అరగంట అక్కడే ఉండి సీటు ఫోము, వైర్ల వెనక పొగ లేవడం లేదని చూసుకోవాలి. పక్కనే మంటలార్పే డ్రై పౌడర్ సిలిండరు ఉండాలి. నిప్పు పెద్దదైతే ఫైరింజను కోసం 101కి ఫోన్ చేయాలి.

మెషీనుతో పాటు డబ్బాలో వచ్చే చేతి మాస్కుల్లో కొన్నిటికి అద్దం మీద నంబరే ఉండదు. అమ్మే షాపువాళ్లు కనీసం నంబరున్న అద్దం, తోలు గ్లవ్స్ కలిపి ఇచ్చి, ఏవి అతకకూడదో తెలుగులో ఒక కాగితం జతచేస్తే బాగుంటుంది. కంచరపాలెం ఐటీఐలో వారాంతపు చిన్న కోర్సు పెట్టి, మెషీను కొన్నవాళ్లకి రెండు రోజులు నేర్పే ఆలోచన కూడా అధికారులు చేయాలని కోరుతున్నాం.

— కొందరు వెల్డింగ్ శిక్షకులు, గాజువాక, విశాఖపట్నం