బడి గేటు పక్కన పది రూపాయల చక్కెర నీళ్లు

సంపాదకులకు నమస్కారం.

నాకు కూల్‌డ్రింకులంటే చిన్నప్పటి నుంచీ గిట్టదు. గుక్క మింగగానే గ్యాసు ముక్కుల్లోకి ఎక్కుతుంది, తాగాక పళ్ల మీద జిగట మిగులుతుంది, దాహం మాత్రం తీరదు. బంధువుల ఇళ్లకు వెళ్తే పిల్లాణ్ని కొట్టుకు పరిగెత్తించి మరీ సీసా తెప్పిస్తారు. కాసిని మజ్జిగ చాలంటే ‘మజ్జిగిస్తే ఏం మర్యాద వదినా’ అని చిన్నబుచ్చుకుంటారు. ఇంటి గడప లోపల ఎవరిష్టం వారిది. బడి గేటు దగ్గర జరుగుతున్నది చూసి ఊరుకోలేకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను పల్నాడు జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. మా గేటుకు ఇరవై అడుగుల దూరంలో బడ్డీ కొట్టు, అందులో కంపెనీ బొమ్మ వేసిన ఫ్రిజ్. ఇంటర్వెల్ గంట కొట్టగానే పిల్లలంతా అక్కడే. పది రూపాయల బుల్లి సీసాలో 200 మిల్లీలీటర్లు పడుతుంది. సీసా వెనక చీమ తలకాయంత అక్షరాల్లో, 100 మిల్లీలీటర్లకు చక్కెర సుమారు 11 గ్రాములని రాసి ఉంటుంది.

మొన్న ఎనిమిదో తరగతిలో దాన్నే లెక్కగా ఇచ్చాను. సీసా మొత్తానికి 22 గ్రాములు. టీస్పూనుకు అయిదు గ్రాముల చొప్పున నాలుగు స్పూన్లు దాటింది. ఇంటి నుంచి తెచ్చిన పంచదార డబ్బా తీసి, చిన్న గాజు గ్లాసు నీళ్లలో ఒక్కో స్పూను వేయడం మొదలుపెట్టాను. మూడో స్పూనుకే వెనక బెంచీ పిల్లాడు ‘చాలు టీచర్, అంత తీపి ఎవరు తాగుతారు’ అన్నాడు. వాడి సంచిలోనే సగం తాగిన సీసా ఉంది. చల్లదనం, పులుపు, గ్యాసు మూడూ కలిసి ఆ తీపి నాలుకకు పూర్తిగా తెలియకుండా చేస్తాయి. పైనుంచి వేసుకునే చక్కెర రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది, అదీ పెద్దవాళ్లకు. మా పిల్లలకు ఒక్క ఇంటర్వెల్‌లోనే దాదాపు అంతా అయిపోతోంది.

చట్టం లేక కాదు. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్నవాటిని బడి క్యాంటీన్‌లో గానీ, గేటు నుంచి ఎటు చూసినా 50 మీటర్ల లోపు గానీ పిల్లలకు అమ్మకూడదని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లోనే నిబంధనలు తెచ్చింది. గ్యాసు పానీయాల మీద జీఎస్టీ ఇప్పుడు 40 శాతం. ఇవి ఒంటికి మంచివి కావని తెలిసే కదా అంత పన్ను! అయినా ఆ యాభై మీటర్లు కొలవడానికి మా గేటు దగ్గరికి ఇంతవరకూ ఎవరూ రాలేదు.

కొట్టు ఆయన మీద నాకు కోపం లేదు. అడిగితే ఉన్నమాటే చెప్పాడు: ‘మజ్జిగ ప్యాకెట్లు పెడితే కరెంటు పోయిన రోజు పులిసిపోతాయి టీచరుగారూ, ఇవైతే నెలల తరబడి ఉంటాయి. పైగా ఆ ఫ్రిజ్ వాళ్లిచ్చిందే, వేరేవి పెట్టొద్దంటారు.’ అతని పొట్ట కొట్టమని నేను అడగడం లేదు. మజ్జిగ, ఉప్పు వేసిన నిమ్మసోడా, సబ్జా నీళ్లు, వేరుశనగ ఉండలు అమ్ముకోవడానికి పంచాయతీ ఒక మామూలు ఫ్రిజ్ ఇప్పించగలదు. మండుటెండల్లో రోడ్డు పక్కన చలివేంద్రాలు పెట్టి ఉచితంగా మజ్జిగ పోసే ఊళ్లు మనవి. బడి పిల్లలకు ఆ ఏర్పాటు చేయడం పెద్ద పని కాదు.

వేసవి సెలవులయ్యాక బడులు తెరిచేలోపు ఆహార భద్రత అధికారులు, విద్యాశాఖ వారు కలిసి ప్రతి బడి గేటు దగ్గరా ఒక్కసారి టేపు పట్టి కొలవాలని కోరుతున్నాను. పొగాకు ఉత్పత్తులు 100 గజాల లోపు అమ్మరాదని మా ప్రహరీ మీద పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. దాని పక్కన ఇంకో రాతకు చోటుంది. పై నుంచి ఆదేశం వస్తే రంగు డబ్బా ఖర్చు మేం ఉపాధ్యాయులమే పెట్టుకుంటాం.

– ఒక లెక్కల టీచరు, పల్నాడు జిల్లా