హీటరుపై ఫిర్యాదు, అంతకు మించి మీ కస్టమర్ కేర్‌పై

కస్టమర్ కేర్ విభాగం అధిపతి గారికి,

అయ్యా / అమ్మా,

పేరు పెట్టి రాద్దామనుకున్నాను. కానీ మీ కంపెనీలో పేరున్న మనిషి ఇంతవరకు నాకు తగలలేదు. ఫోను ఎత్తినవారంతా "సహాయక బృందం" అన్నారు, ఈమెయిళ్ల కింద సంతకమూ "సహాయక బృందం" అనే ఉంది. అందుకే హోదాకు రాస్తున్నాను.

మీ అక్వేరియం హీటరు ఆగవలసిన చోట ఆగడం లేదు. 27 డిగ్రీలకు పెడితే నీరు 32 దాటింది. దాని గురించి ఇంతకు మించి చెప్పను. యంత్రమన్నాక చెడిపోతుంది. ఆ సంగతి మీ వాళ్ల చెవిన వేయడానికి నేను పడిన పాట్లు వినండి.

మొదట మీ ఫిర్యాదు ఫారం. "చేప రకం" అన్న చోట ఎంచుకోవడానికి మీరు ఇచ్చినవి గోల్డ్‌ఫిష్, గప్పీ, ఇతరములు. నా దగ్గరున్నది రెడ్ డెవిల్ జత. నికరాగువా సరస్సుల్లోని సిక్లిడ్ కుటుంబపు చేపలు, పెరిగితే అడుగు పొడవు దాటుతాయి, తమ హద్దులోకి ఏది వచ్చినా ఊరుకోవు. మీ హీటరు పెట్టె మీద నిగనిగలాడే నారింజ రంగు చేప బొమ్మ ఉందే, ఆ జాతే. "దూకుడు చేపల కోసం ప్రత్యేకం" అని పక్కన రాసుకున్నదీ మీరే. అమ్మేటప్పుడు ప్రత్యేకం, ఫిర్యాదు చేసేటప్పుడు ఇతరములు!

మొదట మాట్లాడిన అబ్బాయి చాలా మర్యాదస్థుడు. "చేపలను కొంతసేపు ఒక గిన్నెలోకి మార్చండి సార్" అన్నాడు. అప్పటికి ఆడచేప బల్లపరుపు రాయి మీద వందల కొద్దీ గుడ్లు పెట్టి, బూజు పట్టకుండా రెక్కలతో వాటి మీదికి నీరు విసురుతోంది. మగది కాపలా కాస్తోంది. ఆ సమయంలో సిక్లిడ్ జతను బెదరగొడితే తమ గుడ్లను తామే తినేస్తాయని, ఒక్కోసారి మగది ఆడదాని మీద పడి చంపేస్తుందని ఓపికగా చెప్పాను. అంతా విని, "అయితే ఎప్పుడు మారుస్తారు సార్?" అని అడిగాడు.

తరువాత మాట్లాడిన అమ్మాయికి నా ఫిర్యాదు టికెట్ కనబడలేదు. మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకుని, "అంతగా కొట్టుకునే చేపలను ఒకే తొట్టిలో ఎందుకు పెట్టారు?" అని నన్నే నిలదీసింది. పిల్లలు కావాలంటే తల్లీ తండ్రీ ఒకచోట ఉండాలి కదమ్మా! ఈ జత కుదరడానికి నేను ఎంత కాలం తపస్సు చేశానో ఆమెకేం తెలుసు? మధ్యలో చిల్లుల అడ్డుగోడ పెట్టి, రెండూ ఒకదాన్నొకటి చూస్తూ అలవాటు పడేదాకా ఆగాలి. గోడ తీశాక మూతీ మూతీ పట్టుకుని లాక్కుంటాయి. అది పోట్లాటా, పొత్తు కుదరడమా అని గుండె చిక్కబట్టుకుని చూడాలి. గుడ్లకు సిద్ధంగా లేని ఆడచేప దొరికితే మగది దాని ప్రాణాలు తీస్తుంది. ఇదంతా దాటి వచ్చిన గుడ్లు అవి. "ఆ సమాచారం మా దగ్గర లేదండి. హీటరు స్విచ్ ఆపి మళ్ళీ వేసి చూడండి" అంది. అదే కదమ్మా రాత్రనక పగలనక నేను చేస్తున్నది! థర్మామీటరు చూస్తూ ప్లగ్గు పీకడం, పెట్టడం. మీ థర్మోస్టాట్ ఉద్యోగం నేను చేస్తున్నాను, జీతం లేకుండా.

మరొకాయన ఏకంగా తీర్పే ఇచ్చాడు. చేప కొరికి ఉంటుందట, జంతువుల వల్ల కలిగే నష్టం వారంటీలోకి రాదట. గొడుగు అమ్మి, వానలో తడిస్తే మాకు సంబంధం లేదన్నట్టుంది. చేపల తొట్టిలో పెట్టే వస్తువు దగ్గరికి చేప కాక ఇంకెవరు వస్తారు?

"ఏడు పని దినాలలో స్పందిస్తాం" అని ఒక ఈమెయిలు వచ్చింది. ఈ వేడిలో గుడ్లు పగలడానికి సుమారు 3 రోజులు. ఆ తరువాత మరో అయిదారు రోజులు పిల్లలు ఈదలేక, పచ్చసొన తిత్తి మీదే బతుకుతూ తల్లిదండ్రులు తవ్విన గుంటలో గిలగిలలాడుతుంటాయి. ఈలోగా నీరు వేడెక్కితే అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, చేపలకేమో దాని అవసరం పెరుగుతుంది. మీ ఏడు పని దినాలకు ఆదివారాలూ సెలవులూ కలుపుకునే లోపే ఇక్కడ ఒక తరం పుట్టి ఈదాలి, లేదా పోవాలి.

చివరికి సీరియల్ నంబరు ఫోటో పంపకపోతే టికెట్ మూసేస్తామన్నారు. ఆ నంబరు ఎక్కడ ముద్రించారో మీకైనా తెలుసా? అద్దానికి ఆనుకుని ఉండే వైపు. గుడ్లున్న రాయికి జానెడు దూరంలో చెయ్యి పెట్టి హీటరు ఊడదీయాలి. వద్దని మొత్తుకున్నాను. "చేతికి తొడుగు వేసుకోండి" అన్నారు. తీశాను. రెండు చేపలూ నా చేతి మీద పడ్డాయి, వేళ్ల మీద ఆ గుర్తులు ఇంకా ఉన్నాయి. సాయంత్రానికి రాయి మీద ఒక్క గుడ్డు లేదు. మగది ఆడదాన్ని నీటి పైదాకా తరిమి తోక చీల్చింది. మళ్ళీ అడ్డుగోడ పెట్టవలసి వచ్చింది. మీ జవాబు: "ఫోటో స్పష్టంగా లేదు. టికెట్ మూసివేయబడింది. మీకు సహాయపడినందుకు సంతోషం."

ఎవరికి సంతోషం?

నా ఇంట్లో పంపు మీది, లైటు మీది, ఫిల్టరు మీది. కాన్విక్ట్ సిక్లిడ్‌లతో బ్రీడింగు మొదలుపెట్టే కొత్తవాళ్లు ఏ హీటరు కొనాలని అడిగితే మీ పేరే చెప్పేవాణ్ణి. ఒకప్పుడు మీ దగ్గర చేపలు తెలిసిన మనిషి ఉండేవారు. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కడగవద్దని, క్లోరిన్‌కు మంచి బ్యాక్టీరియా చస్తే అమ్మోనియా పేరుకుంటుందని, తొట్టిలోంచి తీసిన నీటితోనే కడగమని ఫోనులో ఓపికగా చెప్పారాయన. ఆయనను ఏం చేశారు?

డబ్బు తిరిగి ఇస్తారో, కొత్త హీటరు పంపుతారో మీ ఇష్టం. పంపినా దాన్ని నా తొట్టిలో పెడతానన్న నమ్మకం పెట్టుకోకండి. ముందు నాకు ఒక మనిషి ఫోను చేయాలి. పేరు చెప్పాలి. నేను చెప్పేది చివరిదాకా వినాలి. ఆ మనిషి జీవితంలో ఒక్క చేపనైనా పెంచి ఉంటే మరీ మంచిది.

ఈ వారం దాటితే వినియోగదారుల న్యాయస్థానానికి వెళతాను. చేపలు పెంచే మిత్రులందరికీ ఈ ఉత్తరం నకలు పంపుతాను. కొత్తవాళ్లు అడిగినప్పుడు ఇక ఏ పేరు చెప్పకూడదో కూడా నాకు తెలుసు. నేను ఫోను చేసిన ప్రతిసారీ "నాణ్యత కోసం ఈ సంభాషణను రికార్డు చేస్తున్నాం" అని వినిపించారు. ఆ రికార్డులన్నీ భద్రంగా ఉంచండి, న్యాయమూర్తి ఎదుట వినిపించమని నేనే అడుగుతాను. నా టికెట్ లాగా అవి కూడా కనబడలేదని మాత్రం చెప్పకండి.

ఇట్లు,
ఇప్పటికింకా మీ వినియోగదారుడు