ఏడు రోజుల గడువు బోర్డు మీద ఎందుకు లేదు?

సంపాదకులకు,

డిసెంబర్ 9 వస్తే ఆఫీసుల్లో అవినీతి మీద ప్రతిజ్ఞలు, ఫ్లెక్సీలు మామూలే. 2003లో ఆ రోజే మెక్సికోలోని మెరిడాలో ఐక్యరాజ్య సమితి అవినీతి నిరోధక ఒప్పందం మీద సంతకాలు మొదలయ్యాయి. మన దేశం 2011లో ఆమోదించింది. 2018లో మన అవినీతి నిరోధక చట్టాన్ని సవరించాక లంచం ఇచ్చినవాడూ ముద్దాయే. బలవంతం మీద ఇస్తే 7 రోజుల్లోపు ఫిర్యాదు చేయాలి. పాసు పుస్తకం కోసం మర్రిపాడు నుంచో కనిగిరి నుంచో తిరిగే రైతుకు ఈ సంగతి చెప్పేదెవరు?

ఇవ్వకముందే అవినీతి నిరోధక శాఖకు (ఏసీబీ, ఫోన్ 1064) చెప్పడం మేలు. లంచంగా ఇవ్వబోయే నోట్ల నంబర్లు వాళ్లు రాసుకుని, వాటికి ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. పట్టుకున్నాక లంచం తీసుకున్నవాడి చేతివేళ్లను సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. అయితే ఆ రంగు నోట్లు ముట్టుకున్నాడనే చెబుతుంది, అడిగాడని చెప్పదు. కేసులు వీగిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఫిర్యాదుదారు కోర్టులో మాట మార్చినా, పరిస్థితుల సాక్ష్యంతో అడిగిన సంగతి రుజువు చేయవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2022లో తేల్చింది. కాబట్టి అడిగిన కాల్ రికార్డయితే దాన్ని వాట్సాప్‌లో పంపి ఊరుకోకండి, అసలు ఫోన్‌ను అలాగే దాచండి.

ఫిర్యాదుదారులను కాపాడమంటుంది ఒప్పందంలోని 33వ అధికరణం. అందుకోసం 2014లో చేసిన చట్టమేమో అమల్లోకే రాలేదు! అది ఢిల్లీ పని, సరే. తహసీల్దారు, సబ్ రిజిస్ట్రారు ఆఫీసుల గోడ మీద ఫీజుల పట్టిక పక్కన ఈ 7 రోజుల మాట రాయించడం మాత్రం కలెక్టరు గారి చేతిలో పనే.

- ఒక పాఠకుడు, ఒంగోలు